మెచ్చినవాడి వాటా

పాపపుణ్యాల లెక్కలో మన పెద్దలు నలుగురిని ఒకే వరుసలో నిలబెట్టారు: చేసినవాడు, చేయించినవాడు, ఉసిగొల్పినవాడు, భేష్ అని మెచ్చినవాడు. మొదటి ముగ్గురితో మనకు పేచీ లేదు. నాలుగోవాడి దగ్గరే తడబడతాం. 2019 డిసెంబర్ 6న తెల్లవారకముందే షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లిలో, యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన ‘దిశ’ కేసులో సైబరాబాద్ పోలీసుల కస్టడీలో ఉన్న నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. పొద్దెక్కేసరికి జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు, రాఖీలు కట్టారు. హైటెక్ సిటీకి, గచ్చిబౌలికి కాపలా కాసే కమిషనరేట్ ఈ సైబరాబాదే. రాత్రి షిఫ్టు ముగించుకుని క్యాబ్ ఎక్కే ఆడపిల్లల భయం ఆ పూల వెనక ఉంది, దాన్ని తేలిక చేయలేం. కానీ భయం వేరు, మెప్పు వేరు. మెప్పుకు బాధ్యత ఉంటుంది.

చంపడానికి వచ్చిన ఆతతాయిని చంపితే దోషం లేదని ధర్మశాస్త్రమే చెప్పింది కదా అంటారు. నిజమే, పోలీసులు చెప్పిందీ అదే: పిస్తోళ్లు లాక్కుని మామీద కాల్పులు జరిపారు, ఆత్మరక్షణకు కాల్చాం అని. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022 జనవరిలో ఇచ్చిన నివేదికలో ఆ కథనాన్ని నమ్మలేదు. చంపాలనే కాల్చారని తేల్చి, పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలంది. చనిపోయినవారిలో ముగ్గురు అప్పటికి మైనర్లేనని కూడా చెప్పింది. ఆతతాయి అంటే మీదికి వచ్చేవాడు. పోలీసుల వలయంలో, వాళ్లు నడిపించినచోటికి నడిచినవాడికి ఆ పేరు పెట్టడానికి ఏ శాస్త్రమూ ఒప్పుకోదు.

కోర్టుల ఆలస్యం మాటేమిటి? అది గట్టి అభ్యంతరమే. 2012 నాటి నిర్భయ కేసులో అప్పటికింకా ఉరి అమలు కాలేదు. కానీ దిశ కేసు విచారణకు మహబూబ్‌నగర్‌లో ఫాస్ట్‌ట్రాక్ కోర్టు ఏర్పాటుకు ప్రభుత్వం ఎన్‌కౌంటర్‌కు ముందే ఉత్తర్వులిచ్చింది. ఆలస్యం కాకముందే ఆలస్యాన్ని సాకు చేశాం. అసలు ఆలస్యం, ఆ ఘోరం జరిగిన నవంబర్ 27 రాత్రే జరిగింది. కూతురు కనిపించడం లేదని వెళ్లిన కుటుంబాన్ని, ఇది మా పరిధి కాదంటూ స్టేషన్ల చుట్టూ తిప్పారు. ఆ నిర్లక్ష్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు కూడా. డిసెంబర్ 6 తర్వాత ఆ రాత్రి గురించి అడిగినవాళ్లు దాదాపు లేరు. తూటాలు నిందితులతోపాటు పోలీసు శాఖ తప్పును కూడా పూడ్చేశాయి. మన చప్పట్లు దానిమీద మట్టి కప్పాయి.

సామాన్యుడికి ఒక కాసు జరిమానా వేసే నేరానికి రాజుకైతే వెయ్యి వేయాలన్నాడు మనువు. కులాన్ని బట్టి శిక్ష మార్చిన ఆయన్ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అయినా ఆయనకు తట్టిన ఆ ఒక్క సంగతి మనకు తట్టలేదు: దండం పట్టినవాడి తప్పు పెద్దది. మనం లెక్క తిరగేసి, యూనిఫాం ఉంటే జవాబుదారీ తగ్గిస్తున్నాం.

సుప్రీంకోర్టు 2022 మేలో సిర్పుర్కర్ కమిషన్ నివేదికను తెలంగాణ హైకోర్టుకు పంపింది. పోలీసులు సవాలు చేయడంతో 2024లో దానిపై స్టే వచ్చింది. కోర్టులు నాన్చుతాయని ఆనాడు పూలు చల్లినవాళ్లు ఈ నాన్చుడు గురించి కూడా అడగాలి.