ఎంత కత్తి కావాలి?

సంతలో కత్తి కొనేటప్పుడు మన యువకులు ముందుగా పొడవు చూస్తారు. పెద్ద కత్తయితే పని త్వరగా తెములుతుందంటారు. అందులో నిజం ఉంది. ముళ్ళకంప కొట్టాలన్నా, పొదలు తీయాలన్నా బరువైన కత్తే కావాలి. కొస వైపు బరువుంటే దెబ్బలో సగం పని ఆ బరువే చేస్తుంది. మరి ఎంత పెద్దది కావాలి? ఇది చేతి బలానికి సంబంధించిన ప్రశ్నే కాదు, న్యాయానికి సంబంధించిన ప్రశ్న కూడా.

వెదురు పొదనే చూద్దాం. కొత్త పిలకలు పొద అంచున లేస్తాయి. ముదురు బొంగులు మధ్యలో ఉంటాయి. మూడేళ్ళు దాటిన బొంగును నేలకు దగ్గరగా, కణుపుకు కాస్త పైన నరకాలి. అప్పుడు మోడులో నీళ్ళు నిలవవు. లేతదాన్ని వదలాలి. రేపటి పిలకలకు బలమిచ్చేది అదే. పొద లోపల చోటు తక్కువ. పొట్టిగా, బరువుగా, కొస వంపు తిరిగిన కత్తి అక్కడ ఆడుతుంది. బారెడు కత్తి ఆడదు. అది పట్టుకున్నవాళ్ళు అంచున అందిన లేత బొంగులనే నరుకుతారు. మధ్యలో ముదురువి చిక్కుపడి, ఎండి, పొద పాడవుతుంది.

కత్తిదేం తప్పు, నరికే చేతిదే కదా అని అడగవచ్చు. తప్పు చేతిదే. కానీ ఏది సులువో చేతికి చూపేది పనిముట్టు. సులువైనది రోజూ చేస్తే అలవాటవుతుంది. అందుకే తప్పొప్పుల ఆలోచన పొద దగ్గర కాదు, సంతలోనే మొదలవాలి.

1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద, అటవీ నేరం జరిగిందని నమ్మడానికి కారణముంటే కలపతోపాటు పనిముట్లనూ పట్టుకుపోవచ్చు. మన కత్తి ఇంకొకరి అనుమానం కింద బతికింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, వాటిని సేకరించి అమ్ముకునే హక్కు మనదని గుర్తించింది. అదే చట్టం అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. ఎక్కడ ఆపాలో ఇప్పుడు మనమే చెప్పుకోవాలి. హక్కు వచ్చాక బాధ్యత తగ్గలేదు, మన చేతికి మారింది.

కాబట్టి కత్తిని చేతిలోకి తీసుకుని ఆడించి చూద్దాం. విసురును మధ్యలో ఆపగలమా? ఇరుకులో తిరుగుతుందా? మొద్దుబారితే మన కమ్మరి సాగగొట్టి పదును పెట్టగలడా? ఉపాధ్యాయులు పిల్లల్ని ఒకసారి పొద దగ్గరికి తీసుకెళ్ళి, ఏది ముదురో ఏది లేతో చూపించాలి. అది తెలిసిన పిల్లలు రేపు సంతలో పొడవు ఒక్కటే చూసి కత్తి కొనరు.