అరణిలో అగ్ని యున్నదా?

కట్టెలో నిప్పు ముందే దాగియున్నదనియు, మథనముచేత అది వెలికి వచ్చుటయే గాని కొత్తగా పుట్టుట లేదనియు మన తాత్త్వికసాహిత్యము తరతరములుగా చెప్పుచు వచ్చినది. శ్వేతాశ్వతరోపనిషత్తు నువ్వులలోని నూనెను, పెరుగులోని నేతిని, అరణిలోని అగ్నిని ఒకే వరుసను నిలిపి, ఆత్మయు దేహమునం దట్లే నిగూఢమై యున్నదని బోధించినది. దేహమును అధరారణిగా, ప్రణవమును ఉత్తరారణిగా చేసికొని ధ్యానమనెడి మథనమును సాగింపుమని ఉపదేశించినది. అయినను నూనెకును నిప్పునకును నడుమ నున్న భేదమును మనము తగినంతగా విచారింపలేదని నాకు తోచుచున్నది. గానుగ ఆడక పూర్వమే నువ్వులలో నూనె నూనెగా నున్నది. గింజను గోట నొక్కినను వ్రేలికి జిడ్డు అంటును. జమ్మిమీద మొలచిన రావినుండి తెచ్చిన అరణిని ఎన్ని చీలికలు చేసి చూచినను వేడిమి లేశమైనను కానరాదు. మరి ఆ అగ్ని యెక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానము మారినచో సాధన యను మాటకు మనము చెప్పికొను అర్థమే మారిపోవును.

సాంఖ్యులు సత్కార్యవాదులు. లేనిది పుట్టదు, ఇసుకనుండి తైలము రాదు, ఏ కార్యమునకు ఏ ఉపాదానము తగునో దానినే లోకము వెదకికొనును గనుక, కార్యము కారణమునందు ముందే యున్నదని వారి సిద్ధాంతము. నైయాయికులు దీని నంగీకరింపరు. కుండ ముందే మట్టిలో నున్నచో కుమ్మరి చేసిన పని యేమని వారడుగుదురు. తర్కసంగ్రహము రచించి బాలురకు సైతము తర్కమును సుగమము చేసిన ఆంధ్రుడు అన్నంభట్టు, కార్యమును దాని ప్రాగభావమును బట్టియే, అనగా పుట్టుకకు పూర్వమున్న లేమిని బట్టియే నిర్వచించెను. శంకరభగవత్పాదులు సూత్రభాష్యమున కార్యకారణముల అనన్యత్వమును స్థాపించుచు అసత్కార్యవాదమును నిరాకరించిరి. ఈ వాదములన్నిటియందును తరచుగా ముందు నిలిచినది కుండయే. కుండవిషయమున వివాదము తెగదు, మట్టి మొదటినుండి చివరివరకు కంటి కెదురుగనే యుండును గనుక. నిప్పువిషయమున కొంత తేల్చుకొనుటకు ఒక చిన్న పనిముట్టు కలదు.

బర్మా, మలయా, సుమత్రా, బోర్నియో, లూజాను మున్నగు దేశముల ప్రజలు వెదురుతోనో, కొయ్యతోనో, ఎనుపకొమ్ముతోనో చేసిన సన్నని గొట్టమును నిప్పు రగిల్చుకొనుటకు వాడెడివారు. ఒక కొన మూసియున్న ఆ గొట్టములో బిగుతుగా దిగెడి కడ్డీ యుండును. కడ్డీ కొసన చిన్న గుంట, గుంటలో తాటిజాతి చెట్టునుండి తీసిన నూగు. అరచేతితో ఒక్క దెబ్బ కొట్టి తక్షణమే కడ్డీని లాగినచో నూగు రగిలియుండును. చెకుముకిరాయి లేదు, ఉక్కు లేదు, కట్టెపై కట్టె రాపిడి లేదు. ఐరోపాలో 19వ శతాబ్దారంభమున లియోన్ నగరపు భౌతికశాస్త్రాచార్యుడు మొలే ఈ వింతను పండితుల దృష్టికి తెచ్చెను. 1807లో ఇంగ్లండులో ఇట్టి సాధనమునకు పేటెంటు లభించెను. 1827లో జాన్ వాకరు రాపిడి అగ్గిపుల్లల నమ్మనారంభించిన పిదప దానికి క్రమముగా గిరాకి తగ్గి, పాఠము చెప్పు బల్లమీద మిగిలెను. ఆసియాజనులు దీనిని తమంత తామే కనుగొనిరా యను ప్రశ్నను ఆక్స్‌ఫర్డు నగరపు పిట్ రివర్సు ప్రదర్శనశాలాధిపతి హెన్రీ బాల్ఫరు 1907లో ఒక దీర్ఘవ్యాసమున చర్చించెను. తమంత తామే కనుగొనిరని నమ్ముటకే నా మనస్సు మొగ్గుచున్నది. వెదురుబొంగులలో పిస్టను ఆడించి కొలిమికి గాలి కొట్టెడి జనులకు, ఊదుగొట్టముతో బాణము విడిచెడి జనులకు, గాలి బిగువు చేతికి తెలిసిన విషయమే గదా.

నే నిట్టి గొట్టమును ఇంటనే చేసి చూచితిని. చిటికెనవ్రేలు దూరని సన్నని ఇత్తడిగొట్టమునకు ఒక కొనను గాలి చొరకుండ మూసి, లోపలిగోడ నున్నబడువరకు రుద్ది, దానికి సరిపడు కడ్డీ కొసకు కొంచెము పైగా గాడి తీసి, ఆ గాడిలో నూలుదారము చుట్టి ఆముదము పట్టించవలెను. దారము వదులైనచో గాలి తప్పించుకొనును, బిగువైనచో కడ్డీ దిగదు. కడ్డీని సగమువరకు నొక్కి వదలినప్పుడు గాలి దానిని పైకి తన్నినచో బిగువు సరిపోయిన దన్నమాట. కొసనున్న గుంటలో పెట్టుటకు మాడ్చిన గుడ్డ కావలెను. పాత నూలుపంచె పేలికలను, మూతకు చిన్న బెజ్జమున్న రేకుడబ్బాలో పెట్టి నిప్పులమీద నుంచి, బెజ్జమునుండి పొగ ఆగిన పిదప దింపి, బాగుగా చల్లారువరకు మూత తీయకుండిన యెడల, నల్లగా, పట్టుకొన్నంతనే పొడియగునంత మెత్తగా అది తయారగును. గొట్టమును గట్టి పలకపై నిలిపి దెబ్బ వేసి కడ్డీని లాగగా, ఆ నల్లని పేలిక అంచున ఆవగింజంత ఎరుపు కనబడి, ఊదినకొలది ప్రాకినది. కొబ్బరిపీచులోనికి దానిని జారవిడిచి మరల ఊదగా మంట లేచినది.

కడ్డీ దిగినప్పుడు లోని గాలి ఇరువదవవంతు చోటునకు కుదియుననుకొన్నచో, వేడి బయటికి పోని యెడల దాని ఉష్ణోగ్రత లెక్క ప్రకారము 700 సెంటిగ్రేడు డిగ్రీలను దాటును. గోడలు లాగికొనునది పోగా మిగిలినదియే పేలికకు చాలును. అదే కడ్డీని అదే లోతునకు నెమ్మదిగా నొక్కినచో ఏమియు జరుగదు. గాలి వేడెక్కినంతవట్టు లోహములోనికి జారిపోవుచుండును. సైకిలు పంపు కొట్టినవారికి దాని అడుగు వేడెక్కుట తెలియును. రుడాల్ఫ్ డీజిలు 1897 నాటికి సాధించిన ఇంజనులో, ఆ జాతి ఆయిలింజనులలో, నిప్పురవ్వ పుట్టించు ఏర్పాటు లేకయే నూనె మండుట ఈ మర్మమువలననే.

ఆ వేడి ఎక్కడనుండి వచ్చినదను ప్రశ్నకు పాశ్చాత్యులు మొదట చెప్పిన సమాధానము వినినచో మన సాంఖ్యుడు ఎంతయు సంతోషించును. ఉష్ణము ఒక సూక్ష్మద్రవమనియు, అది పదార్థములందు ముందే నిగూఢమై యుండుననియు, గాలిని కుదించినప్పుడు పిండబడి వెలికి వచ్చుననియు లావోయిసియే కాలపు పండితులు తలచిరి. ఇది తిలతైలన్యాయమే. కాని 1845లో జేమ్సు జౌలు గాలిని కుదించుటకు ఖర్చైన పనిని, పుట్టిన వేడిని కొలిచి, వేడి ఆ పనికి సరిసమానమైనదని చూపెను. గాలిలో దాగిన ఉష్ణద్రవము పిండబడి రాలేదు. కొట్టిన చేతి శ్రమయే వేడిగా మారినది. కట్టెలో శక్తి లేదని దీని యర్థము కాదు. ఎండనుండి ఆకులు కూడబెట్టిన శక్తి అందున్నది. అయినను అది ప్రాణవాయువుతో కలసినగాని మంట కాదు, ఆ కలయిక బయటినుండి కొంత వేడి అంటినగాని ఆరంభము కాదు. అగ్ని ఇంధనమే యైనచో కాల్చునదియు కాలునదియు ఒకటియగును, వేరైనచో ఇంధనము లేకయే మండవలెనని, శ్రీపర్వతముతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుడు మధ్యమకశాస్త్రపు పదవప్రకరణమున చేసిన విచారణ ఇచట ఎంత సూటిగా తగులుచున్నదో గమనింపుడు.

మనలో పలువురు నిగూఢాగ్ని దృష్టాంతమును విని ఊరట పొందుదురు. లోపల నున్నది గదా, తెర తొలగిన చాలును, ఎన్నడో ఒకనాడు కనబడకపోదు అను ఊరట అది. నిప్పుగొట్టము ఈ ఊరటను నిలువనీయదు. మథించువాని శ్రమను తీసివేసి చూడుడు: కట్టెయు మిగులును, గాలియు మిగులును, నిప్పు మిగులదు. శ్రమ అగ్నిని బయటపెట్టిన నిమిత్తమాత్రము కాదు, అదియే అగ్నికి తొలిరూపము.

దీనికి అద్వైతి చెప్పు ఆక్షేపణ బలమైనది. పుట్టినది నశించును, జ్ఞానము శ్రమవలన పుట్టినదైనచో మోక్షమును అనిత్యమగును, కావున సిద్ధవస్తువును తెలిసికొనుటయే గాని సాధింపవలసిన దేదియు లేదని ఆయన అనును. ఈ వాదమును నేను శిరసా వహింతును, కాని అది బ్రహ్మమును గూర్చినది. అజ్ఞానమును దహించు అఖండాకారవృత్తి పుట్టినదేనని, శ్రవణమనననిదిధ్యాసనములు లేనిదే పుట్టదని, దహింపవలసినదానిని దహించి తానును శమించునని ఆ సంప్రదాయమే చెప్పుచున్నది. అరణిదృష్టాంతము ఆత్మకు తగదనియు, ఆత్మజ్ఞానమునకు తగుననియు నా మనవి. ముందే యున్నది ఆత్మ, జ్ఞానము పుట్టవలసినదే.

బోధికి పూర్వము తనకు స్ఫురించిన మూడు ఉపమానములను బుద్ధభగవానుడు మజ్ఝిమనికాయమున చెప్పెను: నీటిలో నున్న పచ్చికట్టెను మథించువాడు, గట్టుమీది పచ్చికట్టెను మథించువాడు, గట్టుమీది ఎండుకట్టెను మథించువాడు. మొదటి ఇద్దరికి అలసటయే దక్కును. మాడ్చిన పేలికకు నేను పడిన శ్రద్ధ యంతయు ఈ మూడవవాని యెండుకట్టె వంటిది, దెబ్బకు పూర్వమే ముగియవలసినది. వేగమున కున్న స్థానము మాత్రము గొట్టమే నాకు నేర్పినది. ఏండ్ల తరబడి పలుచగా సాగిన అనుష్ఠానములో పడిన శ్రమ మొత్తముమీద తక్కువ కాకపోవచ్చును. అది ఎప్పటికప్పుడు గోడలలోనికి జారిపోవుచున్నదా యని సాధకుడు తన్ను తాను ప్రశ్నించుకొనక తప్పదు. వేరొక నియమమును కలదు. దెబ్బ పడిన వెంటనే కడ్డీని లాగనిచో ఆ యిరుకులోని కొద్ది ప్రాణవాయువు తీరి రవ్వ ఆరిపోవును. మూసినచోట పుట్టినది విప్పినచోటనే బ్రతుకవలెను.

అగ్నికి శ్రమయే తొలిరూపమను సంగతిని శ్రౌతసంప్రదాయము సిద్ధాంతముగా చెప్పకున్నను ఆచారముగా పాటించినది. ఆహితాగ్ని ఊరు విడిచి పోవునప్పుడు మండుచున్న అగ్నిపై అరణులను కాచి, మంత్రపూర్వకముగా అగ్నిని వానియందు సమారోపణము చేయును. చేరినచోట మథించి మరల దింపికొనును. అరణిలో అగ్ని యున్నదని వారు నమ్మిరి, నిజమే. కాని ఆ అగ్నిని అందుంచినది తన యింటి కుండమునుండి ఎత్తిన యజమానుడే. సన్యసించువాడు అగ్నులను ఆత్మయందు సమారోపణము చేసికొని, అటుపిమ్మట అరణి పట్టడు. ఇంత నియమమును ఏర్పరచినవారు, కట్టెలోని అగ్ని మానవుని చేయి తగులకయే తనంతట తాను వేచియుండునని తలచిరని నేను అనుకొనజాలను.