బ్రేకు పైపు మనమే మార్చుకోవచ్చా?

నాగలి విరిగితే మనమే చెక్కుకుంటాం. ఇంటి కప్పు కారితే మనమే కప్పుకుంటాం. పని సరిగ్గా కుదరకపోతే తడిసేది మనమే కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు. ఇప్పుడు మన గూడేల్లో కుర్రాళ్లు పాత జీపులకు బ్రేకు పైపులు కూడా ఇంటి ముందే మార్చేస్తున్నారు. ఇదీ అలాంటి పనేనా?

పెడల్ తొక్కిన బలం చక్రం దాకా వెళ్లేది సన్నటి ఇనుప పైపులోని ఆయిల్ ద్వారానే. చాలా పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ ఒకటే లైను. ఒక్కచోట లీకైతే నాలుగూ పోతాయి. మన వానలకు, బురదకు పైపు బయట తుప్పు పడుతుంది. బ్రేకు ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది కనుక లోపల కూడా తింటుంది. పాడేరు ఘాట్ లాంటి దిగుడులో పదేపదే తొక్కితే వేడికి ఆ నీరు ఆవిరవుతుంది. ఆయిల్ నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ కిందికి పోతుంది, బండి ఆగదు.

మెకానిక్ దగ్గరికి పొమ్మనడం తేలిక. బ్రేకులేని బండిని ఘాట్ దింపి తీసుకెళ్లేదెలా? కాబట్టి ఇంటి దగ్గర చేయడమే తప్పని మనం అనం. నేర్చుకుంటే వచ్చే పనే. పైపు మూతిని రెండు మడతలు వచ్చేలా విప్పాలి. నీళ్ల పైపులకు వేసే జాయింటు ఇక్కడ వేయకూడదు. రాగి గొట్టం చేత్తోనే వంగుతుంది, అందుకే కుర్రాళ్లకు ఇష్టం. కానీ అదురుకు పగులుతుంది. ఇంజన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయి. చివర్లో ఒకరు తొక్కుతుంటే ఒకరు చక్రం దగ్గర నట్టు వదులు చేసి గాలి తీయాలి.

చిక్కు చేతి పనిలో లేదు, పరీక్షలో ఉంది. కప్పు సంగతి మొదటి వాన చెబుతుంది. బ్రేకు సంగతి చదును నేల చెప్పదు, బరువుతో దిగే ఘాట్ చెబుతుంది. అప్పుడు వెనక సీట్లో పసుపు మూటతో ఒక ముసలమ్మ కూర్చుని ఉంటుంది. నా ప్రాణం కూడా అందులోనే ఉంది కదా అంటాడు డ్రైవరు. నిజమే, కానీ పైపు రాత్రే మార్చారని అతనికి తెలుసు, ఆమెకు తెలియదు. తెలియక ఎక్కినదాన్ని నమ్మి ఎక్కడం అనలేం.

పెడల్‌ను నిమిషం పాటు గట్టిగా తొక్కిపట్టి ప్రతి జాయింటూ చూడాలి, తెలిసినవాడితో మరోసారి చూపించాలి, మొదటిసారి ఖాళీ బండితో చిన్న గేరులో దిగాలి. ఎక్కేవాళ్లకు చెప్పాలి కూడా. చెబితే ఎవరూ ఎక్కరంటారు. ఎక్కకపోతే ఆ సంత రోజు కిరాయి పోతుంది, పేదవాడికి అది చిన్న నష్టమేం కాదు. అయినా ఆ నష్టాన్ని ముసలమ్మ మీద వేసే హక్కు మనకు లేదు.

పాస్కల్ నియమం చెప్పేటప్పుడు టీచర్లం రెండు సిరంజిలు చూపించి ఊరుకుంటాం. ఊళ్లో ఆగి ఉన్న జీపు దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లి, పైపు ఎటు నుంచి ఎటు పోతోందో, తుప్పు ఎక్కడుందో వాళ్లచేతే బొమ్మ గీయించవచ్చు. సంతకి ఆ జీపులోనే పోతారు వాళ్లు.