అనుమతియు నుపేక్షయు

ఒకానొక కాలమున నిర్దోషమై చెల్లిన యాచారము కాలాంతరమున నిషిద్ధమైనచో, దాని నాచరించినవాని నేమనవలెనను ప్రశ్నకు మన ధర్మశాస్త్రకారులు వెనుదీయలేదు. కృతయుగమునకు మనుధర్మమును, కలియుగమునకు పరాశరధర్మమును విధించిన పరాశరస్మృతికి విపులవ్యాఖ్య రచించిన మాధవాచార్యులు విజయనగర ప్రభువగు బుక్కరాయల మంత్రి. భర్తవలన సంతతి లేని స్త్రీ పెద్దల యనుమతితో మఱొకనివలన సంతతి గను నియోగము మొదలగువానిని, కలియుగమున విడువదగిన కలివర్జ్యములని త్రోసిపుచ్చిన నిబంధకారులు, పూర్వయుగములలో వాని నాచరించినవారిని పాపులని నిందింపలేదు.

ఈ చర్చ నేడు కంప్యూటరు లోపల మఱల తలయెత్తినది. ఆదేశములను, దత్తాంశములను ఒక్క మెమరీలోనే యుంచవచ్చునని 1945 నాటి నివేదికలో జాన్ వాన్ న్యూమన్ వివరించినప్పటినుండి, ఒకే సంఖ్య చదివినప్పుడు దత్తాంశము, నడపినప్పుడు ఆదేశము. ఈ యభేదమే దొంగలకు ద్వారమైనది: దత్తాంశమను పేర లోనికి వచ్చిన సంఖ్యలు ఆదేశములై విజృంభింపసాగినవి. అందుచేత, యంత్రమును మేల్కొలుపు నూతన ఫర్మ్‌వేర్, మెమరీని 4096 బైట్ల పుటలుగా విభజించి, వ్రాయదగిన పుటను నడపరాదనియు, నడపదగినదానిపై వ్రాయరాదనియు శాసించినది. ఆపరేటింగ్ సిస్టమును మెమరీలోనికి దింపి నడపించు గ్రబ్ అను బూట్‌లోడర్ తన విడిభాగములగు మాడ్యూళ్లను, దత్తాంశమునకని యడిగి పుచ్చుకొన్న స్థలమున దింపుకొని, అచ్చటనే నడపెడిది; అడ్డగించువాడు లేడు గనుక ఏండ్లతరబడి సాగినది. ఈడీకే2 అను ఫర్మ్‌వేర్‌లో రానున్న మార్పును గ్రహించి 2017లో గ్రబ్ నిర్మాతలు ఆ స్థలమును ఆదేశములకనియే యడుగునట్లు సవరించిరి. కాని అంతకుముందే డిస్కులకెక్కిన ప్రతులు, నూతనశాసనము కచ్చితముగా నమలగు యంత్రమున, మాడ్యూలు నడుపబోవగానే కూలుచున్నవి.

ఇందు దోషి యెవరు? చెరువుకట్టనుండి యూరు నీటితో దిగువ మడిని పండించుకొన్న రైతు, కట్ట గట్టిపడి యూట నిలిచిన నాడు తన హక్కు పోయినదని మొఱపెట్టుకొనును. అతడు దొంగ కాడు. అయినను ఊట తూము కాదు. నియోగమును శాస్త్రమొకప్పుడు కంఠోక్తిగా ననుమతించినది. గ్రబ్ ఆశ్రయించినది ఉపేక్షను. కావున దానిని కలివర్జ్యములతో సమముగా నెంచుట, నా యభిప్రాయమున, దానికి మించిన గౌరవమిచ్చుటయే.

కొన్ని ఫర్మ్‌వేర్లు దయచూపుచున్నవి. క్రొత్త నియమమును పాటింతునని ఫైలు శీర్షమున గుఱుతు ధరించిన ప్రోగ్రాముకు కఠినశాసనము, గుఱుతులేని ప్రాతదానికి మినహాయింపు. ఈ దాక్షిణ్యమున చిక్కొకటున్నది: గుఱుతు ధరింపక తప్పించుకొనుట వంచకునికిని సులభమే. అయినను మినహాయింపును నేను కాదనను. అది కొంతకాలమునకే పరిమితమై, యంత్రపు యజమానికి ముందుగా తెలియవలెనని మాత్రమే కోరుదును. ఏ మాటయు చెప్పక నల్లని తెరతో నిలిచిపోవు ఫర్మ్‌వేర్ ధర్మమును నిలిపినదని యొప్పుకొనుట నాకు కష్టము.