వినయము - ఆత్మవిశ్వాసము

"నేను దాసుడను" అనుట వైష్ణవునకు భూషణము. "నేనెందుకును పనికిరాను" అనుట భూషణమగునా? ఈ రెండును ఒక్కటియే యని భ్రమించువారు పెక్కురు కలరు. వినయమునకును ఆత్మన్యూనతకును గల భేదమును గ్రహింపకున్నచో, భక్తియే సోమరితనమునకు సాకు కాగలదు.

2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల గ్రామములలో మహిళా స్వయం సహాయక సంఘములు కలవు. సాధారణముగా 10 నుండి 15 మంది స్త్రీలు ఒక సంఘముగా కూడుదురు. క్రమముగా సమావేశమగుట, పొదుపు చేయుట, ఆ పొదుపునుండి అప్పులిచ్చికొనుట, సకాలమున తీర్చుట, లెక్కలు వ్రాయుట అను పంచసూత్రములందు వారికి శిక్షణ లభించును. అంతవరకు ఒకరి భార్యగానో, ఒకరి తల్లిగానో పిలువబడిన స్త్రీ పదుగురిలో లేచి తన పేరు తాను చెప్పుకొనును. వేలిముద్ర వేసిన చేయి సంతకము నేర్చును. పొదుపు స్వల్పమే కావచ్చును. కాని తన్ను తాను చూచుకొను చూపు మారును.

ఈ మార్పు ఎట్లు కలుగును? మనుజునకు తన సామర్థ్యముపై నమ్మకము కలుగు మార్గములను 1977లో ఆల్బర్ట్ బాండూరా అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వివరించెను. స్వయముగా చేసి సాధించుట వానిలో ముఖ్యము. తనవంటివారు సాధించుటను చూచుట, ఇతరుల ప్రోత్సాహవచనము దానికి తోడగును. మన పెద్దలకిది క్రొత్త కాదు. సముద్రతీరమున వానరసమూహము నడుమ మౌనముగా కూర్చున్న హనుమంతునకు జాంబవంతుడే బలమును గుర్తుచేసెను. తిరుప్పావైలో గోదాదేవి ఒంటరిగా వ్రతమునకు పోలేదు. 6వ పాశురము మొదలు 15వ పాశురము వరకు చెలులను మేల్కొలిపెను.

అయితే ఇందు ప్రమాదమును కలదు. గోష్ఠి యిచ్చిన బలమును తన సొంతముగా భావించి, సంఘనాయకురాలు తోటివారిని చులకన చేసినచో ఆత్మవిశ్వాసము అహంకారమగును. కిస్తీ కట్టలేని పేదరాలిని పదుగురిలో అవమానించినచో, ఒకరిని నిలబెట్టిన సమూహమే మరియొకరిని కూలద్రోయును.

దీనికి సమాధానము జనగామ జిల్లా నేలయందే కలదు. పాలకుర్తి సమీపమునందలి బమ్మెర, పోతనామాత్యుని గ్రామముగా ప్రసిద్ధము. భాగవతమును తనచే పలికించువాడు రామభద్రుడేయని ఆ మహాకవి విశ్వసించెను. ఆ విశ్వాసము ఆయన ఘంటమును ఆపలేదు, మహాగ్రంథమును వ్రాయించెను. శక్తి స్వామిది, శ్రమ మనది. తన బలము నెరిగిన పిమ్మటనే హనుమంతుని దాస్యమును సఫలమైనది.

కావున సంఘమునకు పోయివచ్చిన ఇల్లాలు గొంతెత్తి మాటలాడినంతనే గర్వమని నిందింపరాదు. ఆ గొంతు మరియొక మౌనవతిని మేల్కొలుపుచున్నదా, అణచుచున్నదా యని మాత్రము చూడవలెను. మేల్కొలిపినచో అదియును భగవత్కైంకర్యమే.