కొడుకు ప్రక్కన నిలబడండి



రాత్రివేళ రోడ్డుమీద మోటారు సైకిలు పందెం వేసి మీ అబ్బాయి పోలీసులకు దొరికాడనుకోండి. వెంటనే ఏం చేస్తాం? తెలిసిన నాయకునికి ఫోను చేస్తాం. "బండి నడిపింది మావాడు కాదండీ" అని చెప్పిస్తాం.

ఎవరికీ దెబ్బ తగలలేదుగదా, ఇందులో పాపమేముంది అంటారు. కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2290వ పేరా చూడండి. తాగిన మైకంలోగాని, వేగం మీది మోజుతోగాని తమ ప్రాణాన్నీ, ఇతరుల ప్రాణాన్నీ అపాయంలో పడవేసేవారు ఘోర దోషులని ఉంది. దెబ్బ తగిలితేనే అని అక్కడ లేదు. అది ఐదవ ఆజ్ఞ సంగతి. పైగా అబద్ధం ఆడించామంటే ఎనిమిదవ ఆజ్ఞ మీరడం వాడికి మనమే నేర్పినట్టు.

మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం, 2019 సవరణ తర్వాత, మొదటి తప్పుకు మూడు నెలలదాకా జైలు, లేదా 5,000 రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. పిల్లవాడికి 18 నిండకపోతే 199ఎ సెక్షన్ ఉంది. తనకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగిన జాగ్రత్త తీసుకున్నాననో రుజువు చేసుకోలేని తండ్రికి మూడేండ్లదాకా జైలు, 25,000 జరిమానా. ఆ వయసు వాడికి తాళం చెవి ఇచ్చింది ఎవరు మరి!

పాపసంకీర్తనం చేశాడుగదా, ఇక కోర్టెందుకు అని కొందరు. గురువిచ్చే పాపవిమోచనం దేవునితో సమాధానపరుస్తుంది. చేసిన చెరుపును సరిదిద్దవలసిన బాధ్యత మిగిలే ఉంటుంది. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు, ప్రభువు తన ఇంటికి వచ్చిన రోజునే.

వకీలును పెట్టుకోవడం తప్పుకాదు, అది వాడి హక్కు. వాయిదా రోజున మాత్రం పనికి సెలవు పెట్టి మీరూ వెళ్ళండి.