తాత తంబుర ఎప్పటిది?

పాత వాద్యం ఎదురైతే పుట్టే ప్రశ్నలు రెండు: ఇది ఏది, ఇది ఎప్పటిది. రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, విడదీసి చూడకపోతే దేనికీ సరైన జవాబు దొరకదు.

కడప, కర్నూలు పల్లెల్లో తత్వాలు పాడేవాళ్ల తంబురకు మోతనిచ్చేది కుండ. అది తొలిచిన చెక్క కావచ్చు, ఎండిన సొరబుర్ర కావచ్చు. ఈ సీమ ఎండకు బుర్ర పగులుతుంది, తీగ తెగుతుంది, బిరడా అరుగుతుంది. తాతనాటి దండికి కొత్త బుర్ర బిగించి, కొత్త తీగలు కట్టినా ఇంట్లో దాన్ని తాత తంబుర అనే పిలుస్తారు. ఆ మాట నిజమా, అలవాటా?

రెసొనేటర్ గిటారుదీ ఇదే చిక్కు. జాన్ డోప్యేరా రూపొందించిన ఈ గిటారును లాస్ ఏంజిలస్‌లో నేషనల్ కంపెనీ 1927లో తయారుచేయడం మొదలుపెట్టింది. అందులో కుండ పని చేసేవి పలుచని అల్యూమినియం శంకువులు. మొదటివాటిలో మూడు ఉండేవి. తర్వాత ఒకే శంకువున్నవీ వచ్చాయి. 1928లో డోప్యేరా సోదరులు మొదలుపెట్టిన డోబ్రోలో శంకువు గిన్నెలా వెల్లకిలా ఉంటుంది. వీటితో పాటు సీరియల్ నంబరు చూసి గిటారు కాలం తేలుస్తారు. అయితే నంబరు చెప్పేది ఒంటి పుట్టుకను. నడుమ శంకువు మార్చి ఉంటే, ఇప్పుడు వినిపించే మోత పుట్టుక ఆ నంబరులో ఉండదు.

భాగం మారితే వస్తువు అదేనా అన్న ఈ చిక్కుకు న్యాయ, వైశేషిక దర్శనాల జవాబు కఠినమైనది. భాగాలు కలిసి పుట్టే అవయవి వాటికంటే వేరైన వస్తువు. ఒక భాగం పోతే ఆ అవయవి నశించి, మిగిలినవాటితో మరొకటి పుడుతుంది. ‘అదే ఇది’ అనిపించడం పోలిక వల్లనే. ఈ లెక్కన బుర్ర పగిలిననాడే తాత తంబుర పోయింది.

బౌద్ధులు అసలు అవయవినే ఒప్పుకోరు. సంయుత్త నికాయంలో ఒక కథ ఉంది. వీణానాదం విని మురిసిన రాజు వీణ వద్దని, నాదాన్నే తెమ్మంటాడు. దోణి, తోలు, దండం, తంతులు, మీటే పుల్ల, మనిషి ప్రయత్నం, ఇవన్నీ కలిస్తేనే నాదమని చెప్పినా వినక, వీణను ముక్కలు చేసి, కాల్చి, బూడిదను గాలికి వదులుతాడు. నాదం దొరకదు. ఆ పట్టికలో మొదటిదైన దోణి మోత పుట్టే తొట్టి. తెలుగు దోనెకు చుట్టం. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పిన వీణ ఉపమానం ఎదురు దిక్కున నడుస్తుంది: బయటికి వచ్చే ధ్వనులను విడిగా పట్టుకోలేం, వీణను గానీ వాయించేవాణ్ణి గానీ పట్టుకుంటే ధ్వని పట్టుబడుతుంది.

కాలం తేల్చే పనిలో బౌద్ధుల పద్ధతే నిలుస్తుంది. కర్నూలు సీమలో పత్తికొండ, గుత్తి నడుమ ఉన్న ఎర్రగుడి అశోక శాసనాలు దీనికి మంచి సాక్ష్యం. అక్కడి నాలుగో శిలాశాసనం, భేరీఘోష ధర్మఘోషగా మారిందంటూ, పట్టాభిషేకమైన 12 ఏళ్లకు రాయించినట్టు తానే చెప్పుకుంటుంది. ఆ సంవత్సరం మాటది. బండ వయసు వేరు, ఉలి పడిన రోజు వేరు. శాసనం ఒకటే, వయసులు మూడు. తంబురకూ అంతే: దండికి ఒక వయసు, బుర్రకు ఒకటి, తీగకు ఒకటి. మొత్తానికి ఒకే తేదీ అడగడం ప్రశ్నలోని తప్పు.

భాగం మారిన ఇలాంటి ఆనవాలును ఐతరేయ ఆరణ్యకం కూడా గమనించింది. దేహాన్ని దైవీ వీణగా, చేతి వీణను మానుషిగా పోల్చుతూ, మనిషి ఒంటికి రోమాలున్నట్టే పూర్వం వీణలను రోమాలున్న తోలుతో కప్పేవారని అంటుంది. ‘పూర్వం’ అన్న ఆ ఒక్క మాట వల్ల, ఆ గ్రంథకాలానికే వీణ తోలు మారిందని, పేరు మారలేదని తెలుస్తుంది.

పేరు నిలిచేది భాగాల్లో కాదు, వాడుకలో. కొత్త బుర్ర వేసినవాళ్లు తాత పాడిన శ్రుతికే తీగ బిగించి, ఆ తత్వాలే పాడుతుంటే ‘తాత తంబుర’ అబద్ధం కాదు. అది తేదీ చెప్పే మాట కాదు, పరంపర చెప్పే మాట. దండి తాతనాటిది, బుర్ర పోయిన ఎండాకాలం తర్వాతిది. మోతలో జీవం కోసం తీగలను మోసే గుర్రం అనే మెట్టు మీద, తీగ కింద దూర్చిన నూలుపోగు ఈ పొద్దుటిది.